బావ మెడలో దుమ్ము మిషన్

1986 నవంబరు 19, బుధవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలు. మా బొగ్గుబాయిలో, నేల కింద, ఆ వేళకు రెండు మిషన్లను ఒకేసారి నడిపించారు. నాకు అప్పటికి గడియారం చూడటం రాదు. మా సారు "ఎనిమిదీ పది!" అని గట్టిగా అన్నాడు. బయటి నుంచి వచ్చిన ఆఫీసరు అదే మాట తిరిగి అని కాగితం మీద వేసుకున్నాడు. చదువురాని వాడికి చెవులే పుస్తకం. అందుకే ఆ సమయం నా చెవిలోంచి పోలేదు.

రెండు మిషన్లూ కొలిచేది దుమ్మునే. కళ్లకు కనబడే దుమ్మును కాదు. కనబడే దుమ్ము ముక్కులో ఆగుతుంది, ఊస్తే పోతుంది. మనిషిని తినేది కనబడనిది. అది ఊపిరితిత్తుల అడుక్కి దిగి అక్కడే కాపురం పెడుతుంది. ఈ సంగతి నాకు మిషన్లు మోయడం మొదలుపెట్టాకే తెలిసింది. అంతకుముందు, 1969లో బాయిలో దిగినప్పటి నుంచి పన్నెండేళ్లు తట్టతో బొగ్గు ఎత్తాను, అన్ని రకాల దుమ్మూ ఒకటే అనుకున్నాను. 1981లో పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బు ఒకటి వెనక్కి జారి నడుము విరగ్గొట్టింది. తేలిక పని అని దుమ్ము ఆఫీసరు దగ్గర పెట్టారు. ఆయన మిషన్లు మోయడం, తుడవడం, కాపలా కాయడం నా పని. ఆయనను మేం దుమ్ము సారు అనేవాళ్లం, ఆయన వినకుండా.

పాత మిషన్ ఇనప పెట్టె. నేనొక్కణ్ణి మోస్తే విరిగిన నడుము మళ్లీ పలికేది. దాన్ని పని జరిగే చోట కర్ర దూలానికి వేలాడదీస్తే, షిఫ్టు పొడుగునా గాలి పీల్చేది. లావు దుమ్ము లోపలి రేకుల మీద పడిపోగా, సన్న దుమ్ము మాత్రం చివరన ఉన్న తెల్ల కాగితం బిళ్ల మీద పేరుకునేది. కొత్త మిషన్ ఆ ఏడే వచ్చింది. నడుముకు కట్టుకునే చిన్న పంపు, దాని నుంచి రబ్బరు గొట్టం, గొట్టం చివర బొటనవేలంత మూతి. ఆ మూతిని మనిషి మెడ దగ్గర అంగీకి తగిలిస్తారు. అందులోనూ తెల్ల బిళ్లే. పెద్ద పెట్టె ఆ చోటి గాలిని కొలుస్తుంది, చిన్నది ఆ మనిషి ముక్కు దగ్గరి గాలిని కొలుస్తుంది. బిళ్లను ముందు తూచి, షిఫ్టు అయ్యాక మళ్లీ తూస్తారు. పెరిగిన బరువే దుమ్ము. రెండూ ఒకే మాట చెబుతాయా లేదా అని చూడటానికే ఆ బుధవారం పరీక్ష పెట్టారు.

సారులకు అది మిషన్ల పరీక్ష. మా ఇంటికి అది మా బావ పరీక్ష.

బావ అంటే మా అక్క మొగుడు. గోదావరి అవతల కరీంనగర్ జిల్లా మనిషి. మాది ఇవతల, లక్సెట్టిపేట పక్క పల్లె. నేను బాయిలో కుదిరాక నా వెంటే వచ్చి ఆయనా దిగాడు. చెయ్యి బలం చూసి డ్రిల్లు మీద వేశారు. బొగ్గుకు రంధ్రాలు వేసేవాడి మొహానికీ బొగ్గుకూ మధ్య చెయ్యెడు దూరం ఉంటుంది. పదిహేనేళ్లు ఆ దూరంలోనే నిలబడ్డాడు. ఆ ఏడు ఎండాకాలం నుంచి దగ్గు పట్టింది, మెట్లెక్కితే పక్షిలా నోరు తెరిచేవాడు. డాక్టరు ఛాతీ ఫొటో తీయించి, లోపల మచ్చలున్నాయి, అవి దుమ్మువో బీడీవో చెప్పలేను అన్నాడు. ఈయన పనిచేసే చోట దుమ్ము సర్కారు పెట్టిన హద్దు దాటిందని కాగితం తెస్తే, నేల పైన పని ఇవ్వమని రాస్తానన్నాడు. పైన లైట్ల గదిలో ఒక పని ఖాళీగా ఉంది. దిగేవాళ్లకు నెత్తి లైట్లు ఇవ్వడం, ఎక్కినవాళ్ల దగ్గర తీసుకోవడం. కుర్చీ ఉంటుంది, కిటికీ ఉంటుంది. అక్క ఆ కిటికీని పోయి చూసి కూడా వచ్చింది.

కాబట్టి లెక్క తేలిక. ఆ రోజు రెండు మిషన్లూ హద్దు దాటిందని చెబితే బావ లైట్ల గదిలోకి. లేదంటే మళ్లీ డ్రిల్లు మీదికి.

అంతకు నెల రోజుల ముందు దసరా జరిగింది. ఆ సంగతి చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు.

బాయిలో దసరాకు ప్రతి పనిముట్టుకూ పూజ చేస్తాం. డ్రిల్లుకు, టబ్బుకు, గొడ్డలికి, పంపులకు, అన్నింటికీ పసుపు కుంకుమ. మోసే మిషన్‌కు బొట్టు పెట్టకపోతే అది మనిషిని మింగుతుందని మా నమ్మకం. నేను చిన్న మిషన్‌ను తుడిచి, మూతికి చక్కగా పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముందు నిమ్మకాయ పెట్టాను. పండగ మర్నాడు సారు మిషన్ ఆన్ చేసి చూస్తే బిళ్ల ఎర్రగా వచ్చింది. పది మంది చూస్తుండగా చెంప పగిలేలా కొట్టాడు. సారుది కోస్తా మాట.

"ఇది నీ గ్రామదేవత అనుకున్నావురా? దీని ఖరీదు ఎంతో తెలుసా నీకు? ఇకమీద దీని మూతి మీద చిటికెడు ఏదైనా పడిందో, మళ్లీ తట్ట నెత్తిన పెట్టి కిందికి తోలతాను. ఆ నడుముతోనే ఎత్తు."

తట్ట మాట చెంపదెబ్బ కంటే లోతుకు పోయింది. ఆ నెలంతా మిషన్‌ను పసిగుడ్డును పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

బుధవారం పొద్దున బాయి మొహం దగ్గర, అంటే బొగ్గు తవ్వే గోడ దగ్గర, బావ మెడకు చిన్న మిషన్ కట్టింది నేనే. సారులు పెద్ద పెట్టె దగ్గర ఉన్నారు. బావ అంగీ పాతది, చెమట కంపు. మూతి తగిలిస్తూ ఆయన చెవిలో అన్నాను:

"బావా, జర పైలం. గీ మిషన్ మూతికి దుమ్ము అంటిందనుకో, నా కొలువు పోతది. నేను మల్ల తట్ట ఎత్తాలె. నీ తోలు తీస్త సూడు."

"ఫికర్ జెయ్యకు బామ్మర్ది. నీ పెండ్లాన్నన్నా గింత పైలంగ సూస్కున్నవా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోలేదు. బావకు జోడీగా డ్రిల్లు పట్టేవాడు, పెద్దపల్లి పక్క మనిషి, నోటి దురుసు వాడు, మొదలుపెట్టాడు.

"ఏందే పెండ్లికొడకా, మెడల తాళి గట్టిండ్రా? సారు గట్టిండా, బామ్మర్ది గట్టిండా?"

"బామ్మర్దే గట్టిండు. ఇగ అక్కకు ఏం సెప్పాల్నో?" అని జవాబు కూడా వాడే చెప్పుకున్నాడు.

ముసలి సర్దారు, అంటే ఆ చోట మా పని చూసే పెద్దమనిషి, మెల్లగా అన్నాడు: "నవ్వుండ్రి, నవ్వుండ్రి. గా బిళ్ల నల్లగైతె వీనికి కుర్చీ వస్తది. మీకు రాదు."

అందరూ ఎవరి పనిముట్టు వాళ్లు అందుకున్నారు. అక్కడున్న వాళ్లందరికీ, పంపు మనిషికి, టబ్బులు తోసే అన్నదమ్ములకు కూడా, దగ్గు ఉంది. ఛాతీ ఫొటో దిగింది బావ ఒక్కడే.

సారులు ఎనిమిదీ పదికి రెండు మిషన్లు నడిపించి, అర్ధగంట నిలబడి, మొహాలకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని పైకి పోయారు. మిషన్లను చూసుకోవడానికి నన్ను పెట్టెపక్కన కూర్చోబెట్టారు. అక్కడికి బావ డ్రిల్లు ఇరవై అడుగులు. డ్రిల్లు దగ్గర దుమ్ము అణిచే నీళ్ల గొట్టం పగిలి అప్పటికి రెండు వారాలు, పొడి డ్రిల్లే నడుస్తోంది. డ్రిల్లు నడవగానే బావ కనబడటం మానేశాడు. ఆ దుమ్ములో ఆయన నెత్తి దీపం ఒక్కటే పసుపు చుక్కలా మిణుకుమిణుకుమంది.

డ్రిల్లు వేసేవాళ్లు తువ్వాలను నీళ్లలో తడిపి ముక్కుకూ మెడకూ చుట్టుకుంటారు. ఇది అందరూ చేసేదే. ఎవరూ నేర్పింది కాదు. సద్ది తినే వేళ బావ వచ్చి నా పక్కన కూలబడి తువ్వాల విప్పాడు. తువ్వాల రెండు మడతల కింద, ఎదకు ఆనించి, మిషన్ మూతి ఉంది. తెల్లగా, తడిగా, తుడిచినట్టు ఉంది.

"సూడు బామ్మర్ది. కొత్త కోడలి లెక్క ముసుగేసి పెట్టిన. ఒక్క నలుసు పడలే."

"మంచి పని జేసినవ్ బావా" అన్నాను.

నాకు తెలియక అన్నానని రాస్తే అబద్ధం. సగం తెలుసు. ఆ మూతి దుమ్ము తినాలి, తింటేనే బిళ్ల నల్లబడుతుంది, నల్లబడితేనే కుర్చీ. బిళ్లలు రోజూ మోసేవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? కానీ ఆ సగం కంటే సారు చెయ్యి పెద్దగా కనబడింది. ఇంకో సగం నాకు నేనే చెప్పుకున్నాను: పెద్ద పెట్టె ఉంది కదా, అది చెబుతుందిలే. ఒక మాట అని తువ్వాల తీయిస్తే అయిపోయేది. ఇంకా సగం షిఫ్టు ఉంది. బావ సద్ది తిని, మళ్లీ తువ్వాల తడిపి, నేను చూస్తుండగానే మూతి మీద జాగ్రత్తగా కప్పుకుని పోయాడు.

షిఫ్టు దిగాక పైన తూకం గది. అద్దాల పెట్టెలో సన్న త్రాసు. ఎవరన్నా గట్టిగా ఊపిరి వదిలినా ముల్లు కదులుతుందని సారు అందరినీ ఊపిరి బిగబట్టమనేవాడు. బావను లోపలికి రానివ్వలేదు. మొహం కడుక్కోకుండా గడప బయట నిలబడ్డాడు. ఆయన దగ్గినప్పుడల్లా సారు త్రాసు మీద నుంచి చెయ్యి తీసి తలుపు వైపు చూసేవాడు.

"ఆ కుక్కను దూరంగా నిలబడమను. ముల్లు కదులుతోంది."

బావ పది అడుగులు వెనక్కి జరిగాడు. ఎవరి దుమ్మును తూస్తున్నారో వాడి దగ్గే త్రాసుకు అడ్డం.

పెద్ద పెట్టె బిళ్ల తీశారు. పెనం అడుగులా ఉంది. చిన్న మిషన్ బిళ్ల తీశారు. వేలు తడిపి బూడిదను తాకితే ఎంత అంటుతుందో అంత. ఒకటి హద్దు దాటి ఎక్కడికో పోయింది, ఒకటి హద్దు దరిదాపుల్లో లేదు. బయటి ఆఫీసరు, నాగపూర్ వైపు నుంచి వచ్చిన పెద్ద వయసాయన, తప్పు పట్టేవాడు కాదు, ఆశ్చర్యపడ్డాడు. ఒకే చోట, ఒకే పూట, ఒకే గాలి. ఇంత తేడా ఉండదే అని రెండు బిళ్లలనూ మళ్లీ తూయించాడు. అదే లెక్క. అప్పుడు దుమ్ము సారుతో హిందీలో ఏదో అడిగాడు. సారు నా వైపు తిరిగాడు.

"ఏరా, వాడు సరిగ్గా వేసుకున్నాడా? మూతి బయటే ఉందా? బట్ట కింద దాచలేదు కదా?"

అంత సూటిగా అడిగాడు. నేను తప్పించుకోవడానికి కూడా సందు ఇవ్వలేదు.

దాచాడని చెబితే, ఎందుకు దాచాడని అడుగుతారు. బావ నా పేరు చెబుతాడు. చెప్పకపోయినా, నువ్వు పక్కనే కూర్చుని ఏం పీకావురా అంటారు. ఆ తర్వాత తట్ట. ఇదంతా ఆలోచించడానికి నాకు రెండు ఊపిర్లు పట్టలేదు.

"దాయలే సారు. బయటనే ఉండె. షిఫ్టు మొత్తం కండ్లార జూసిన."

బయటి ఆఫీసరు ఏదో రాసి కాగితం నా వైపు తోశాడు. సారు నా బొటనవేలు పట్టి సిరా మెత్త మీద అద్ది, కాగితం మీద నొక్కాడు. ఏం రాసి ఉందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

సాయంత్రం మేనేజరు గదిలో తీర్పు అయిపోయింది. నేను చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. మేనేజరు నవ్వుతూ అన్నాడు: "గోడకు వేలాడేదానికి తెలుస్తుందా, మనిషి మెడలో ఉన్నదానికి తెలుస్తుందా? వాడు పీల్చింది వాడి మిషనే చెప్పాలి." దుమ్ము సారూ నవ్వాడు, ఆయన తెప్పించిన మిషనే గెలిచింది మరి. పెట్టెను దుమ్ము ధారగా వచ్చే దారిలో తగిలించి ఉంటారు, దాని లెక్క పక్కన పెట్టండి అన్నారు. బయటి ఆఫీసరు ఒప్పుకోలేదు, మరోసారి చూద్దాం అన్నాడు. ఆయన రైలెక్కి పోయాక ఆ మరోసారి రాలేదు. పెద్ద పెట్టెను స్టోరులో పడేసి రమ్మని నాకే చెప్పారు. పడేసి వచ్చాను.

బావ సైకిల్ స్టాండు దగ్గర నా కోసం కూర్చున్నాడు.

"ఏమన్నది బామ్మర్ది నీ మిషన్?"

"హద్దు దాటలేదన్నది బావా."

"అంటే?"

"దుమ్ము లేదంట."

బావ పక్కకు తిరిగి దగ్గి ఊసి, దాన్ని చెప్పుతో చూపించాడు. "దుమ్ము లేదా? మరి గిదేంది, కాటుకనా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అదొకటి గుర్తుంది, నేనూ నవ్వాను.

డాక్టరు ఆ కాగితం చూసి, దుమ్ము కాకపోతే బీడీయే అని రాసి పంపాడు. ఇక అక్క పట్టుకుంది. బావ రోజుకు మూడో నాలుగో తాగేవాడు, అవీ మానేశాడు. అయినా దగ్గు తగ్గకపోతే దొంగతనంగా తాగుతున్నాడని అక్క నమ్మింది. అంగీ జేబులు వాసన చూసేది. నలుగురిలో నిలదీసేది.

"మిషన్ సుత అబద్ధమాడుతదా? తమ్ముడు కండ్లార జూసిండు, గాలి సాఫుగున్నదంట. గీ దొంగముండాకొడుకు పొగ తాగి తాగి లైట్ల గది పోగొట్టిండు. నా నోట్ల మన్ను గొట్టిండు."

"తాగుతలేనే. నీ తోడు."

"నా తోడెందుకు, నీ బీడీల తోడని సెప్పు."

ఆ మాటలప్పుడు నేను వాళ్లింట్లో పీట మీద కూర్చుని, అక్క పెట్టిన జొన్నరొట్టె తింటున్నాను. అక్క నా వైపు తిరిగి, "నువ్వన్న సెప్పు తమ్మీ" అంది. నేను చెప్పాను: "మానెయ్యి బావా. ఎందుకొచ్చిన గోస." బావ రొట్టె సగంలోనే వదిలాడు. చేతులు కడుక్కుని బయటికి పోయి గోడకు ఆనుకుని దగ్గాడు. అక్క తలుపు వేసింది.

ఇంకో రెండేళ్లు డ్రిల్లు మీదే ఉన్నాడు. తర్వాత నిలబడలేక మంచం పట్టాడు. మంచిర్యాల ఆసుపత్రికి నాలుగుసార్లు నేనే రిక్షాలో తీసుకుపోయాను. చివరి ఎండాకాలం, 1989లో, ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పడుకుంటే ఊపిరి ఆడదని వెనక బియ్యం బస్తా పెట్టి కూర్చోబెట్టారు. కాళ్లు పుల్లలు, కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. అప్పుడు చెప్పాను. మూతికి దుమ్ము అంటొద్దన్నది నేనేనని, కప్పితే దుమ్ము ఎక్కదని, అడిగినప్పుడు బయటే ఉందని అబద్ధమాడానని, పెద్ద పెట్టె నిజం చెప్పిందని, మొత్తం. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

ఆయనకు సగమే ఎక్కింది. చాలాసేపు ఊపిరి కూడగట్టుకుని అన్నాడు:

"మరి… మిషన్ పాడుగాలే గద బామ్మర్ది? నేను పైలంగనే సూసిన."

"పాడుగాలే బావా."

"గదే. నీ కొలువు పోలే."

ఎనిమిది రోజులకు పోయాడు. నా కొలువు పోలేదు. పింఛను కూడా ఆ కొలువుదే తింటున్నాను. అక్క ఇప్పటికీ పదిమందిలో మా ఆయనను బీడీ మింగిందనే చెబుతుంది. చెప్పనిస్తున్నాను. ఈ రాత చదివి వినిపించేవాళ్లు ఆమెకు ఉంటారు, అప్పుడు నా మీద ఉమ్మేస్తే తుడుచుకుంటాను.

అక్షరాలు నేను నలభై ఆరో ఏట నేర్చుకున్నాను, కాలనీలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు చెప్పే బడిలో. కూడి కూడి చదవడం వచ్చాక, సారు గదిలో బీరువా సర్దుతున్నప్పుడు ఆ పాత కాగితం చేతికి దొరికింది. ఇంగ్లీషుది. చదవలేకపోయాను, కానీ అడుగున నల్లటి వేలిముద్ర నాదని పోల్చుకున్నాను. కొత్తగా వచ్చిన గుమాస్తాను చదవమన్నాను. కుర్రాడు తెలుగు చేసి చెప్పాడు: మూతి షిఫ్టంతా బట్టల బయటే ఉందని సహాయకుడు ప్రత్యక్షంగా చూసి ధృవీకరించాడు. దాని కింద హాజరైనవారు అని మూడు పేర్లున్నాయి, మూడూ ఆఫీసర్లవి. మిషన్ మోసినవాడు వేలిముద్ర మాత్రమే. మిషన్ కట్టుకున్నవాడు అసలు లేనే లేడు. "డ్రిల్లర్, ఒకరు" అని ఉంది.

కాగితం తిరిగి బీరువాలో పెట్టాను. చించలేదు. చించినా బావ లైట్ల గదిలోకి రాడు. కానీ ఆ రోజు అక్కడున్నది ముగ్గురు కాదు. పేర్లు నేనూ రాయను, వాళ్ల పిల్లలు ఇక్కడే బతుకుతున్నారు. మనుషులను మాత్రం రాస్తాను.

చెంపమీద కొట్టే చెయ్యిగల మా దుమ్ము సారు. మరోసారి చూద్దామన్న బయటి ఆఫీసరు. కిందికి దిగకుండానే తీర్పు చెప్పిన మేనేజరు. కుర్చీ ఒక్కడికే వస్తుందన్న ముసలి సర్దారు, బావ పోయిన ఏడాదికి అదే దగ్గుతో ఆయనా పోయాడు. తాళి అని ఎగతాళి చేసిన జోడీ డ్రిల్లరు. నీళ్ల గొట్టం పగిలిందని రెండు వారాలుగా చెబుతూ వచ్చిన పంపు మనిషి. టబ్బులు తోసే ఇద్దరు, అన్నదమ్ములు, ఆ రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. డ్రిల్లు పట్టి, గడప బయట పది అడుగుల దూరంలో నిలబడిన మా అక్క మొగుడు. అబద్ధం చెప్పిన నేను.